రసమట్టం

మంగళవారం తెల్లారుజామున
ఎడం పక్కకు ఒత్తిగిలినానో లేదో
మంచాన్ని ఎవరో ఎత్తి తిప్పినట్టయింది.
పైకప్పు బండలు, నేనే మోసి ఎక్కించిన నాపరాళ్లు,
ఒకదాని ఎనక ఒకటి కుడికి జారిపోతాండాయి.
మాబున్నీ చెయ్యి పట్టుకుంటే
చెయ్యి నిలబడింది
మాబున్నీ తిరుగుతాంది.

"రాత్రి యాడ తాగొచ్చినావ్?" అనింది మొదట.
నోరు వాసన చూసింది.
ఏమీ లేకపోయేసరికి భయపడింది.
గూగూడు సామికి చక్కెర చదివింపులు మొక్కుకొని
నిమ్మకాయ నీళ్లు తాపింది.
అవీ బయటికే వచ్చినాయి.

ముప్పై ఏండ్లుగా తాడిపత్రిలో
బండలు పరిచేది నా పని.
నేను పరిచిన నేల మీద గోలీ పెడితే
పెట్టిన చోటే ఉంటుంది, పందెం.
నూలుపోగంత ఎగుడున్నా
రసమట్టం కంటే ముందు
నా పాదం చెబుతుంది.
అట్లాంటోన్ని
బాత్రూముకు గోడ పట్టుకొని పోయినా.

అనంతపురం పెద్దాసుపత్రిలో
చెవుల డాక్టరమ్మ అంతా ఇని
"ఏం పని చేస్తావు?" అనింది.
"బండలు పరుస్తా మేడం."
నవ్వగూడదనుకుంటూనే నవ్వింది.

"నీ చెవి లోపలా రాళ్లుంటాయి కుళ్లాయప్పా.
నీకే కాదు, నాకూ, అందరికీ.
కంటికి ఆనని సున్నపు పలుకులు.
తల ఎటు వంగిందో
వాటి బరువును బట్టే ఒంటికి తెలుస్తుంది.
నీవి కొన్ని చోటు తప్పి
నీళ్లుండే గొట్టంలోకి జారినాయి."

సంచిలోంచి నా రసమట్టం తీసి చూపించినా.
"ఇట్లాంటిదేనా మేడం?"
ఆమె దాన్ని వంచి చూసింది.
బుడగ ఆ కొసకు పోయింది, ఈ కొసకు వచ్చింది.
బయట లైన్లో జనం దగ్గుతాండారు,
ఆమె ఇంకోసారి వంచి చూసింది.
"ఇంచుమించు ఇదే.
ఒక్కో చెవిలో మూడు, మూడు దిక్కులకు."

ఆరు రసమట్టాలు నెత్తిన పెట్టుకొని తిరుగుతా
ఈ ఒక్కటి కొననీకె
మేస్త్రీ దగ్గర అప్పు చేసినానే!

తలను ఎడమకు తిప్పి
గబుక్కున ఎనక్కి పండబెట్టింది.
ఆసుపత్రి గిర్రున లేచింది.
కండ్లు నా మాట ఇనకుండా కొట్టుకుంటాండాయి.
"మూసుకోవద్దు" అంటూ
ఆమె అంకెలు లెక్కపెడుతాంది.
ముప్పై అయినాక తల కుడికి.
మళ్లీ ముప్పై. ఒళ్లంతా పక్కకు.
పెద్ద బండను గోడవారకు జరపాలంటే
మేమూ ఇంతే,
మూల మీద నిలబెట్టి
ఒక్కో మూలే తిప్పుకుంటా పోతాం.
లేపి కూర్చోబెట్టేసరికి
గోడ గడియారం గోడకు అతుక్కొని ఉంది.
ఏడ్చినానంట. మాబున్నీ చెప్పింది.

పోయేటోన్ని ఆపి
గాజు గదిలో కూర్చోబెట్టినారు,
చెవులకు డిప్పలు పెట్టి.
కూత ఇనబడితే బటన్ నొక్కమన్నారు.
ఏ కూత?
పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను కాడ
చేసింది ఎనిమిదేండ్లే.
నేను మానేసినా, మిషను మానేయలేదు.
దాని కింద నుంచి వాళ్ల కూత
కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు.

కాగితం మీద గీత
కుడి కొసన గుంతలో పడినట్టు దిగిపోయింది.
"దీన్ని తిప్పి పెట్టలేను" అనింది డాక్టరమ్మ.
అందుకే గదా, మనవరాలు సీమచింతకాయ అంటే
నాకు 'ఈమ' అని ఇనబడేది.
పాప నోరు తిరగడం లేదని
దాన్ని పదిసార్లు పలికించినాను.

రాత్రి కరెంటు పోయింది.
ఫ్యాన్లు, టీవీలు, ఎదురింటి మోటారు
అన్నీ ఆగినాయి.
"ఎంత నిమ్మళంగా ఉందో సూడు" అనింది మాబున్నీ.
ఊఁ కొట్టినా.
ఆ ఫ్యాక్టరీ మూతపడి పదేండ్లు,
గేటుకు తుమ్మచెట్లు మొలిచినాయి.
నేనొక్కన్నే ఇంకా డ్యూటీలో ఉండా.

ఎడం పక్కకు ఒత్తిగిలినా,
మెల్లగా, నిండు చెంబు మోసినట్టు తల మోసుకుంటా.
పైకప్పు కదల్లా.
ఇంకాసేపు చూసినా.
కదల్లా.